పాప ప్రాజెక్టుకు పన్నెండు పూలు తెంపినం, అందుల మనవి ఎన్ని?

గునుగుపూలు (హన్మకొండ) | సోమవారం రాత్రి 9:12
అందరికి నమస్తే. కొత్తగ చేరిన, తప్పులుంటే ఏమనుకోకుండ్రి. మా పాప ఆరో తరగతి, స్కూల్ల ప్రాజెక్టు ఇచ్చిన్రు "మన అడవి పూలు" అని. పది పూలు ఎండబెట్టి చార్టుకు అతికించి కింద పేరు, కుటుంబం, ఏ దేశం మొక్క అన్నీ రాయాలట. సరే అని నిన్న పొద్దుగాల మడికొండ గుట్ట వెనకనుంచి కాలువ కట్ట దాక నడిచి పన్నెండు రకాలు తెంపుకొచ్చినం, పాత పేపర్ల నడుమ పెట్టి మీద ఇసుర్రాయి ఎత్తి పెట్టిన. పేర్లు మా అత్తమ్మ టకటక చెప్పింది, గడ్డిచామంతి, వయ్యారిభామ, బ్రహ్మదండి, లొట్టపీసు, గునుగు, తంగేడు, పులికంప, చిటపట కాయల చెట్టు, బిళ్ళగన్నేరు, తుమ్మి. రెండు మాత్రం ఆమెకు కూడ తెల్వలే. ఒకటి తంగేడు లెక్కనే పచ్చగ పూస్తది కాని తంగేడు కాదు. ఇంకోటి వామింటాకు లెక్క ఉంది, పువ్వు వంకాయ రంగు.
ఇగ దేశం కోసం ఫోన్ల యాప్ పెట్టి చూస్తే మెక్సికో, మెక్సికో, బ్రెజిల్, మెక్సికో అనుకుంట పోతుంది. పాపది ఏడుపు మొకం, "మరి మనవేవి అమ్మా" అంటది. యాప్ నమ్మొచ్చా? మా అత్తమ్మ ఏమో "మా అవ్వ కాలం నుంచి ఉన్న చెట్లు, మెక్సికో ఏంది, దాని మొకం" అంటుంది. ఫోటోలు కింద పెట్టిన చూడుండ్రి.

చెల్కరైతు_పరకాల | 9:31
మెక్సికోనో బ్రెజిలో గని అక్కా, మీరు ప్రాజెక్టు కోసం తెంపినయన్ని మా చేన్ల కలుపే. పాపను మా దిక్కు తోలుండ్రి, చార్టు కాదు ట్రాక్టర్ నింపి పంపుత.

పాతబోటనీసారు | 10:05
అమ్మా, ఫోటోలు బాగున్నాయి, పాపకు శభాష్ చెప్పండి. నేను ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పి రిటైర్ అయినవాణ్ణి, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.
మొదటిది, యాప్ చెప్పే పేరు సగం సార్లు సరిగానే ఉంటది కానీ అది పువ్వు రంగు, ఆకు ఆకారం చూసి చెప్పేస్తది. ఆకు కింద ఏముంది, తెంపితే పాలు కారుతయా, నలిపితే ఏం వాసన వస్తది, ఇవి దానికి తెల్వవు, మీకు తెలుస్తయి. అందుకని పేరు యాప్ ఇచ్చినా రుజువు మీరే చూసుకోవాలి. కొత్తవాడలో తివాచీలు నేసేవాళ్ళ దగ్గర పోగులు లెక్కపెట్టే చిన్న మడత భూతద్దం ఉంటది, అలాంటిది ఒకటి కొని పాప చేతికియ్యండి. నేను సర్వీసంతా దాంతోనే గడిపిన.
రెండోది, దేశం సంగతి. మీ పాప మాటల్లోనే చెప్పాలంటే మూడు డబ్బాలు పెట్టుకోండి. మనిషి ప్రమేయం లేకుండా మొదటి నుంచీ ఇక్కడే ఉన్నవి ఒక డబ్బా. మనిషి తెచ్చి పెరట్లోనో పార్కులోనో పెట్టినవి, నీళ్ళు పోయకపోతే చచ్చేవి రెండో డబ్బా. మూడోదే మీ గుట్ట వెనక ఉన్న గుంపు, మనిషి కావాలనో తెల్వకనో తెచ్చిండు, తర్వాత వాటంతటవే గింజ రాల్చి మొలిచి పూసి మళ్ళీ గింజ రాల్చి బతుకుతున్నయి. వీటినే నాచురలైజ్డ్ అంటం. ఎవరూ పట్టించుకోకుండా కనీసం పదేళ్ళయినా ఇట్ల నడిస్తేనే ఆ మాట వాడాలని మావాళ్ళ లెక్క. ఒక వానాకాలం మొలిచి పోయింది ఈ లెక్కకు రాదు.

చెల్కరైతు_పరకాల | 10:14
అంటే ఇల్లరికం అల్లుడన్నట్టు. వచ్చిండు, ఉన్నడు, ఇగ పోడు.

పాతబోటనీసారు | 10:20
అంతే. అందులో కొందరు అల్లుళ్ళు ఒక మూలకు కూర్చుంటరు, గడ్డిచామంతి అట్లాంటిది. కొందరు ఇల్లు మొత్తం రాయించుకుంటరు, వయ్యారిభామ, పులికంప, చెరువుల్లో గుర్రపుడెక్క. రెండో రకాన్ని ఇన్వేజివ్ అంటరు. నాటుకుపోయిన ప్రతిదీ ఆక్రమించేది కాదు, ఇది పాప చార్టులో విడిగా రాయమనండి, టీచర్‌కు నచ్చుతది.

దుబాయ్‌ల_జగిత్యాల | 10:48
చిటపట కాయల ఫోటో చూసి పానం లేచొచ్చింది అన్నా. చిన్నప్పుడు స్కూలుకు పోయేటప్పుడు ఆ ఎండిన కాయలు జేబు నిండ ఏసుకొని, ఒకటి నోట్లె తడి చేసి ముందు బెంచోని మెడ మీద పెట్టేటోళ్ళం, రెండు నిమిషాలకు టప్పుమని పగిలేది, సారు దెబ్బలు మాకు. అది గూడ ఫారినా? మరి నేను ఫారిన్ల ఉండి దాని కోసం ఏడుస్తున్న గదా.

పాతబోటనీసారు | 10:55
ఫారినే నాయనా. రుయెలియా ట్యూబరోసా, ఉష్ణమండల అమెరికాది. లేత ఊదా రంగు గొట్టం పువ్వు, కింద వేళ్ళు దుంపల్లాగ ఉబ్బి ఉంటయి, ట్యూబరోసా అన్నది అందుకే. మీరు ఉమ్ము పెడితే పగిలినట్టే తొలకరి చినుకు పడితే పగులుతది, గింజలు దూరంగా ఎగిరిపడతయి. గింజ తడిస్తే చుట్టూ జిగురు ఊరి మట్టికి అతుక్కుంటది. వానలోనే పగలాలి, వానలోనే అతుక్కోవాలి, ఎంత తెలివి చూడండి. మన గోడల పక్కన అది ఊరికే వ్యాపించలేదు, మీ జేబుల్ల కూడ కొంత ప్రయాణం చేసింది.

మూలికలపెట్టె | మంగళవారం పొద్దున 7:40
నమస్తే. నేను హన్మకొండ చౌరస్తా దిక్కు ఆయుర్వేదం మందుల షాపుల పనిచేస్త. బ్రహ్మదండి ఫోటో మీద ఒక మాట. ఈ పేరుతోటి మాకు రోజు తలనొప్పే. ఒకరు వచ్చి బ్రహ్మదండి అడుగుతరు, ఇస్తే "ఇది కాదు" అంటరు. ఎందుకంటే ఈ పేరు మీద కనీసం రెండు చెట్లు తిరుగుతున్నయి. ఒకటి మీరు పెట్టిన ఫోటోల ఉన్నది, పచ్చ పువ్వు, ముళ్ళ ఆకు మీద తెల్ల ఈనెలు, తుంచితే పసుపు నీళ్ళ లెక్క పాలు కారతయి. రెండోది గుండ్రంగ బంతి లెక్క, తెలుపు నీలం కలిసిన పువ్వు, అదీ ముళ్ళదే, కాని పసుపు పాలు రావు. పాతోళ్ళు మందుకు చెప్పేది రెండోదని మా సేటు అంటడు.

పాతబోటనీసారు | 8:25
మీ సేటు చెప్పింది సబబే. గుండ్రటి బంతిది ఎకినాప్స్ ఎకినాటస్, చామంతి కుటుంబం, మన దేశపుదే. పచ్చ పువ్వుది ఆర్జిమోన్ మెక్సికానా, నల్లమందు గసగసాల కుటుంబం, ఊరు పేరులోనే ఉంది. మీ అత్తమ్మ గారు తప్పు చెప్పలేదమ్మా, ఆమెకు అందింది ఆ పేరే. జరిగింది ఏందంటే ముళ్ళ మొక్క ఒకటి కొత్తగా వచ్చింది, జనం దాన్ని చూసి "అరె ఇది మన బ్రహ్మదండి లెక్కనే ఉంది" అని పాత పేరు తీసి కొత్తదానికి తొడిగిన్రు. పేరు పాతదైనంత మాత్రాన మొక్క పాతది కావాలని లేదు.
పేర్లల్లో ఇంకో గమ్మత్తు ఉంది. కొన్నిట్ల జనం నిజం దాచుకోలేదు. సీమచింత అన్నం, పరంగికాయ అన్నం, సర్కారుతుమ్మ అన్నం. సీమ అంటే సముద్రం అవతలిది, పరంగి అంటే పోర్చుగీసు వాళ్ళది, సర్కారుతుమ్మ అంటే సర్కారు వేయించింది. ఈ ముందుమాటలు ఉన్న చెట్టు దాదాపు బయటిదే అనుకోవచ్చు. కానీ గడ్డిచామంతి, బ్రహ్మదండి, కసింద ఇట్లా సొంత పేరులా వినిపించేవే మోసం చేస్తయి.
ఒక హెచ్చరిక, ఆర్జిమోన్ గింజ చూస్తే అచ్చం ఆవగింజే. ఆవనూనెలో దాని నూనె కలిసి 1998లో ఢిల్లీలో ఎంతోమందికి కాళ్ళు వాచి, గుండె దెబ్బతిని, ప్రాణాలు పోయినయి. పాప కాయలు కోసి ఉంటే చేతులు కడిగించండి, ఆ పసుపు పాలు కండ్లకు మంచిదని ఎవరన్నా చెప్తే వినకండి.

గునుగుపూలు (హన్మకొండ) | 8:50
అమ్మో. మా అత్తమ్మకు చదివి వినిపించిన, "గదంత నాకెర్కే" అన్నది గని మొకం మారింది. సార్, ఆ తంగేడు కాని తంగేడు సంగతి చెప్పండి, అది మొత్తం కాలువ కట్ట నిండ ఉంది.

బీట్‌బాట | 9:10
అది తగిరిస అక్కా. మా దిక్కు తంటెం అంటరు. లేత ఆకు కూర వండుకుంటరు వానాకాలం.

చెల్కరైతు_పరకాల | 9:13
కాదన్నా, కసింద అది. తగిరిసకు గంత పొడుగు ఆకు ఉండదు.

పాతబోటనీసారు | 9:40
కొట్లాడకండి, లెక్కపెడితే తేలిపోతది. అమ్మా, ఒక్క ఆకు తీసుకోండి, అంటే కాడ మొత్తం, దాని మీద చిన్నాకులు జతలు జతలుగా ఉంటయి కదా, ఎన్ని జతలు? చిన్నాకు కొస గుండ్రమా, సూదిగా ఉందా? కాడ కొమ్మకు అతుక్కున్న చోట నల్లటి చుక్క లాంటి బుడిపె ఉందా? నలిపితే కంపు కొడ్తుందా?

గునుగుపూలు (హన్మకొండ) | 10:02
పాప స్కూలుకు పోయింది, నేనే చూసిన. ఐదు జతలు, ఒక దానికి నాలుగే. కొస సూదిగ ఉంది. కాడ మొదట్ల ముదురు రంగు బుడిపె ఉంది, మీరు చెప్పకపోతే పురుగు గుడ్డు అనుకునేదాన్ని. వాసన... మళ్ళ నలపను సార్.

పాతబోటనీసారు | 10:15
కసింద. పరకాల తమ్ముడే గెలిచిండు. సెన్నా ఆక్సిడెంటాలిస్, ఆక్సిడెంటాలిస్ అంటే పడమటిది అని, అమెరికా నుంచి వచ్చింది. తగిరిస అయితే మూడే జతలు, చిన్నాకులు కొసన గుండ్రంగా, కింది జతల మధ్యలో గ్రంథులు, కాయ సన్నగా జానెడు పొడుగు. అసలు తంగేడు అయితే ఎనిమిది నుంచి పన్నెండు జతలు, ఆకు మొదట్ల కొమ్మకు రెండు పక్కల చెవుల్లాంటివి పెద్దగా అంటుకొని ఉంటయి. ఆరిక్యులాటా అన్న పేరు ఆ చెవుల వల్లనే వచ్చింది. తంగేడు మన నేలదే, చెక్కతో తోళ్ళు ఊనేవాళ్ళు, రాష్ట్ర పుష్పం. పువ్వు రంగు చూసి ఎప్పుడూ చెప్పకండి, ఈ జాతిలో అన్నీ పచ్చగానే పూస్తయి. చెవులు చూడండి.

బీట్‌బాట | 10:33
ఒప్పుకున్న, ఓడిన. కాని ఇదే ముచ్చట్ల ఇంకోటి ఉంది, మూడు నుంచి ఐదు జతలు, ఒళ్ళంత బంగారు రంగు నూగు, పొట్టి కాయలు గింజ గింజకు నొక్కినట్టు ఉంటయి. సెన్నా యూనిఫ్లోరా అంటరు. ఒక కాలంల కర్ణాటక దిక్కు వయ్యారిభామను తొక్కేస్తదని దాని గింజలు కావాలని చల్లిన్రు. నిజంగనే తొక్కింది. ఇప్పుడు అది కలుపు. అది గూడ అమెరికాదే. దొంగను పట్టనీకి దొంగనే పంపినట్టు.

చెల్కరైతు_పరకాల | 11:20
వయ్యారిభామ పేరెత్తిన్రు గనుక చెప్త. పాపతోని చేత్తోటి పీకించిన్రా అక్కా? పీకిస్తే మాత్రం మళ్ళ ముట్టనియ్యకుండ్రి. మా బాపు పదేండ్లు అది పీకి పీకి, ఇప్పుడు ఎండల పోతే మెడ, మోచేతుల మడతలు, కండ్ల రెప్పలు మంట పుడ్తయి, చర్మం ఏనుగు తోలు లెక్క అయింది. డాక్టరు ఆ మొక్క ఉన్న దిక్కు పోవద్దు అన్నడు. పోకుండ ఎట్ల, చేను మొత్తం అదే. మేం ఇప్పుడు గ్లౌజులు ఏసుకొని, పొడుగు చేతుల చొక్కా తొడిగి, పూత రాకముందే, నేల తడి ఉన్నప్పుడు ఏరుతోటి పీకుతున్నం. పూత వచ్చినంక పీకితే మనమే గింజ జల్లినట్టు.

గునుగుపూలు (హన్మకొండ) | 11:31
పీకింది అన్నా, చేత్తోటే. చేతులకేం కాలే ఇప్పటికైతే. అది పేపర్ల నుంచి తీసేస్త.

పాతబోటనీసారు | 11:50
ఒక్కసారికి ఏం కాదు, మళ్ళీ మళ్ళీ తగిలితేనే అలెర్జీ. ఆ ఎండిన ముక్క ప్లాస్టిక్ కవర్లో వేసి అతికించండి, వదలొద్దు, అది చార్టులో ఉండాల్సిందే. గుర్తుపట్టేది ఇట్లా: లేతప్పుడు నేలకు అంటుకొని క్యారెట్ ఆకులా గుండ్రంగా పరుచుకుంటది. పూత చిన్న తెల్ల గుండీ లాగుంటది, భూతద్దంలో చూస్తే ఐదు మూలలు. ఒక్కో మూలకు ఒక్క చిన్న రేకు పువ్వు, దాని కింద ఒక్క గింజ. అంటే ఒక గుండీకి ఐదే గింజలు. ఐదే కదా అనుకోకండి, పెద్ద మొక్కకు పదిహేను వేల గింజలు దాటుతయి.
వచ్చిన కథ అందరికీ తెలిసిందే, అమెరికా నుంచి పీఎల్ 480 అనే సాయం కింద వచ్చిన గోధుమల్లో కలిసి వచ్చిందని. 1956లో పుణె దగ్గర ఉందని రాసిన్రు, ఆ తర్వాతే దేశమంతా కమ్ముకుంది. కానీ రాక్స్‌బర్గ్ అనే పాతకాలపు బోటనిస్టు రాసిన 1814 నాటి కలకత్తా తోట జాబితాలోనే ఆ పేరు ఉందని కూడ మా వాళ్ళు చూపిస్తరు. అంటే ముందే ఒక మూల నక్కి ఉండి ఉండొచ్చు, గోధుమలతోని మళ్ళీ గంపెడు వచ్చింది. ఒక మొక్క ఒకేసారి రావాలని లేదు.

బీట్‌బాట | 12:15
దాని ఆకు తినే పురుగు ఉంది గదా సారు, తెల్లటి రెక్కల మీద నల్ల గీతలు. మెక్సికో నుంచి తెచ్చి 1984ల బెంగళూరు కాడ వదిలిన్రని ట్రైనింగ్‌ల చెప్పిన్రు. వానాకాలం మన దిక్కు కూడ కనపడ్తది, ఆకు జల్లెడ చేస్తది. ఎండాకాలం మట్టిల దూరి పండుకుంటది, అప్పుడు భామకు పండుగే.

దుబాయ్‌ల_జగిత్యాల | 12:40
మా ఊర్ల దాన్ని కాంగ్రెస్ గడ్డి అంటరు. ఎందుకంటరంటే

మోడరేటర్ | 12:44
ఆ ముచ్చట ఇక్కడికి ఆపుదాం. తెల్ల టోపీ లెక్క పూస్తది కాబట్టి అంటరని కొందరి మాట, అంతే. ఎన్నికలు వేరే దారంల.

చెల్కరైతు_పరకాల | సాయంత్రం 6:05
అసలు సంగతి అడగనా సారు. గునుగు. ఆ యాప్ గునుగును ఆఫ్రికా అన్నది అక్క స్క్రీన్‌షాట్‌ల. ఎంగిలిపూల నాడు గునుగు లేకుండ బతుకమ్మ ఎట్ల పేరుస్తరు? అది గూడ మనది కాదంటే నేను ఈ ఫోరమ్ల నుంచి లేచిపోత.

పాతబోటనీసారు | 7:10
కూర్చో తమ్ముడూ. గునుగు మీద పుస్తకాలే ఒక్క మాట మీద లేవు. కొందరు ఆఫ్రికా అంటరు, కొందరు ఇండియా అంటరు. మనిషి వ్యవసాయం మొదలుపెట్టిన కాడినుంచి చేలల్లో వెంట తిరిగిన మొక్క కాబట్టి మొదట ఎక్కడ మొలిచిందో తేల్చుడు కష్టం. ఇట్లాంటివాటికి మూలం తేలనివి అని వేరే గడి పెడ్తరు. పాప చార్టులో అదే రాయమనండి, "తేలలేదు" అని. అది మార్కులు పోయే జవాబు కాదు.
సెలోసియా అర్జెంటియా దాని పేరు, అర్జెంటియా అంటే వెండిది. విచ్చేటప్పుడు కొసన గులాబి ఉంటది, కిందినుంచి తెల్లబడుకుంటా వస్తది, ఎండినా రేకు రాలదు, రంగు అద్దినా నిలుస్తది. మన ఆడపడుచులు గునుగుకు రంగులద్ది పేర్చేది అందుకే. సీతజడ పువ్వు కూడా ఇదే మొక్కకు మనుషులు పెంచి పెంచి తయారుచేసిన రూపం.
ఇంకోటి, బాధపడొద్దు, బతుకమ్మలో ఖాయంగా బయటిది ఏందంటే బంతి. మెక్సికో. గౌరమ్మకు పెట్టే గుమ్మడి పువ్వు కూడ అమెరికా ఖండం నుంచే వచ్చింది.

చెల్కరైతు_పరకాల | 7:18
నా చేన్ల పత్తి?

పాతబోటనీసారు | 7:21
ఇప్పుడు ఎక్కువగా వేసేది హిర్సూటం అనే జాతి పత్తి. అది కూడా అమెరికాదే.

చెల్కరైతు_పరకాల | 7:22
మక్క? మిర్చి? ఎనుమాముల మార్కెట్ల పోసే చపాట మిర్చి?

పాతబోటనీసారు | 7:25
అవీ అక్కడివే.

చెల్కరైతు_పరకాల | 7:30
పంట అమెరికాది, కలుపు అమెరికాది. అప్పొక్కటి మనది.

మూలికలపెట్టె | 7:52
😂😂 అన్న మాటకు చాయ్ బాకీ నేను.

గునుగుపూలు (హన్మకొండ) | రాత్రి 9:05
నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. పాప మీ మాటలన్ని నోట్‌బుక్‌ల రాసుకుంటుంది, "అప్పొక్కటి మనది" గూడ రాసింది, కొట్టేయించిన. లొట్టపీసు, పులికంప, వంకాయ రంగు పువ్వు మిగిలినయి సార్.

బీట్‌బాట | 9:30
పులికంప నేను చెప్త, ఇరవై ఏండ్లు ఏటూరునాగారం దిక్కు అడవిల తిరిగిన. లాంటానా. పువ్వు చూస్తే ఒకే గుత్తిల నడుమ పసుపు, అంచుకు గులాబి. పసుపుయి కొత్తయి, తేనె ఉన్నయి, తేనెటీగ వచ్చిపోయినంక రంగు మారుతది, "ఇంట్ల ఏం లేదు పో" అన్నట్టు. 1809 ప్రాంతంల కలకత్తా తోటకు అందం కోసం తెచ్చిన్రట. అందం తగలెయ్య, ఇప్పుడు దాని కింద గడ్డి మొలవది, జింకలకు మేత దొరకది, మేం లోపలికి పోవాలంటే కత్తి పట్టుకొని పోవాలె. నల్ల పండ్లు పిట్టలు తిని అడవంత నాటుతయి. దాని పక్కనే తులసి వాసన కొట్టే నిలువెత్తు మొక్క ఒకటి గుంపుగ ఉంటది, హిప్టిస్, గింజ నీళ్ళల్ల ఏస్తే సబ్జా లెక్క ఉబ్బుతది. ఆదిలాబాద్ బస్సుల పోతుంటే రోడ్డు పక్కన ఎండి గలగల మంటయి చూడుండ్రి, గవే. అదీ అమెరికాదే.

దుబాయ్‌ల_జగిత్యాల | 9:41
లొట్టపీసు నేను చెప్తనే, ఇది మా చెరువు కట్ట చెట్టు. కట్టె ఇరిస్తే లోపల బోలు, పొయ్యిల పెడితే మండది పొగ తప్ప, కంచెకు పాతితే అదే చెట్టయితది. ఎందుకూ పనికిరానోన్ని లొట్టపీసుగాడు అంటరు గదా, అందుకే.

పాతబోటనీసారు | 10:00
నీ వివరణ నా పాఠం కంటే బాగుంది. ఐపోమియా కార్నియా, అందులో ఫిస్టులోసా అనే ఉపజాతి. ఫిస్టులోసా అంటే గొట్టంలా బోలుగా ఉన్నది. లాటిన్ పేరు పెట్టినవాడూ జగిత్యాల పిల్లగాడూ ఒకటే చూసిన్రు. దక్షిణ అమెరికాది, కంచె కోసం, పువ్వు కోసం తెచ్చి నాటిన్రు. చిలగడదుంప, తూటికూర చుట్టం. ముక్క విరిగి నీళ్ళల్ల కొట్టుకపోయి ఆగిన చోట వేరు పెడ్తది. మేకలు మామూలుగా ముట్టవు, కరువులో వేరే మేత లేక తిని అలవాటు పడితే తూలుతయి, తల ఊపుతయి, ఆఖరుకు చస్తయి.
వంకాయ రంగు పువ్వు: అమ్మా, మూడు చిన్నాకులేనా? నాలుగు రేకులూ ఒకే పక్కకు, పైకి తిరిగి ఉన్నయా?

గునుగుపూలు (హన్మకొండ) | 10:11
అవును సార్ మూడే. రేకులు నాలుగు, అన్ని ఒక దిక్కే, దువ్విన జుట్టు లెక్క.

పాతబోటనీసారు | 10:16
క్లియోమ్ రుటిడోస్పెర్మా. ఆఫ్రికా. మీ పన్నెండులో ఇది కొత్త కోడలు, దానికి మన దిక్కు ఇంటిపేరే పడలేదు, అందుకే అత్తమ్మ గారికి తెల్వలేదు. తెల్ల పువ్వు, ఐదు చిన్నాకులది వామింట. పచ్చ పువ్వు, ఒళ్ళంత జిగురు ఉన్నది కుక్కవామింట.

గునుగుపూలు (హన్మకొండ) | 10:30
బిళ్ళగన్నేరు మా ప్రహరీ గోడ పగుల్ల మొలిచింది సార్, ఎవ్వలు నాటలే. రెండో డబ్బానా మూడో డబ్బానా?

పాతబోటనీసారు | 10:38
ఆ గోడలో ఎన్నేండ్ల నుంచి?

గునుగుపూలు (హన్మకొండ) | 10:40
నేను పెండ్లయి వచ్చిన కాడినుంచి. పద్నాలుగేండ్లు.

పాతబోటనీసారు | 10:41
మూడో డబ్బా. మడగాస్కర్ నుంచి వచ్చి మీ గోడలో కాపురం పెట్టింది. రక్త క్యాన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ దాన్నుంచే తీస్తరు, పీకకండి.

మూలికలపెట్టె | బుధవారం పొద్దున 7:15
ఒక డౌట్ అక్కా. మీ గడ్డిచామంతి ఫోటోల వెనక స్టీలు గిన్నెల అదే ఆకు కుప్ప పోసి ఉంది. దేనికి?

గునుగుపూలు (హన్మకొండ) | 7:40
మా అత్తమ్మ నూనె కాస్తది. గుంటగలగరాకు అని. ఇంట్ల అందరం తలకు అదే పెడ్తం.

మూలికలపెట్టె | 7:44
అది గుంటగలగర కాదక్కా. గడ్డిచామంతే. దెబ్బ తాకితే పిండేది, పలకలు తుడిచేది. షాపుకు కూడ చానమంది ఇదే తెచ్చి అమ్మజూస్తరు.

పాతబోటనీసారు | 8:10
కరెక్టే. గడ్డిచామంతి, అంటే ట్రైడాక్స్, పువ్వుకు జానెడు పొడుగు ఉత్త కాడ ఉంటది, దాని కొసన ఒకటే పువ్వు. చుట్టూ ఐదారు మీగడ రంగు రేకులు, ఒక్కో రేకు కొసకు మూడు పండ్లు. ఎండితే గింజకు ఈకల కుచ్చు వస్తది, ఊదితే ఎగురుతది. గుంటగలగర పువ్వు ఆకుల పక్కనే, పొట్టి కాడ మీద, చుట్టూ సన్నటి తెల్ల పోగులు బోలెడు, గింజకు కుచ్చు ఉండదు, తడి నేలల్లో, వరి మడి గట్ల మీద. అన్నిటికంటే తేలిక పరీక్ష, కాండం నలిపి అరచేతికి రుద్ది కాసేపు ఆగండి. గుంటగలగర అయితే నల్లబడ్తది.

గునుగుపూలు (హన్మకొండ) | సాయంత్రం 6:50
మొదలు ప్రాజెక్టు సంగతి. పాప పైన "మన అడవి పూలు" అన్న హెడ్డింగ్ కొట్టేసి "మడికొండ కాలువ కట్ట పూలు" అని రాసింది. మనవి రెండు, తంగేడు, తుమ్మి. తేలనిది ఒకటి. వచ్చి ఉన్నవి తొమ్మిది, అందుల ఏడు అమెరికా, ఒకటి ఆఫ్రికా, ఒకటి మడగాస్కర్. వయ్యారిభామకు, పులికంపకు ఎర్ర స్కెచ్‌తోటి గీత. తుమ్మి కింద "వినాయక చవితికి కూర వండుతరు" అని సొంతంగ రాసింది.
ఇగ మా అత్తమ్మ. పొద్దున మీ మాట విని ఏం మాట్లాడలే. పగటీలి ఎప్పుడు పోయిందో పోయి, వడ్డేపల్లి చెరువు దిక్కు నుంచి కొంగుల రెండు మొక్కలు తెచ్చింది. వాకిట్ల కూసొని కుడి చేతికి గడ్డిచామంతి, ఎడమ చేతికి ఆ కొత్తది రుద్దుకొని, రెండు అరచేతులు చాపుకొని అట్లనే ఉన్నది. చాయ్ ఇచ్చినా ముట్టలే. ఎడమ చెయ్యి నల్లవడ్డది. కుడి చెయ్యి పచ్చగనే ఉన్నది. అప్పుడు అన్నది, "ముప్పై ఏండ్ల సంది పెడ్తున్న నూనె మరి ఏం నూనెనే?"

మూలికలపెట్టె | 7:02
అత్తమ్మ జుట్టు ఎట్లున్నదక్కా?

గునుగుపూలు (హన్మకొండ) | 7:04
నడుము దాక. ఒక్క తెల్ల ఎంటిక లేదు.

మూలికలపెట్టె | 7:05
మొక్క ఎక్కడిదో చెప్పుండ్రి, గోనెసంచి తీస్కొని వస్తున్న.